ఫైర్‌వాల్ వెనక మెయిల్ సర్వర్: ఏ దారి ఎవరికి నప్పుతుంది

ఫైర్‌వాల్ వెనక సొంత మెయిల్ సర్వర్ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఏ పోర్టులు తెరవాలి?" అని. పోర్ట్ అంటే కనెక్షన్లు వచ్చిపోయే నంబరున్న తలుపు. దానికి జవాబు ఒక్క వాక్యంలో అయిపోతుంది. బయటి సర్వర్ల నుంచి మెయిల్ రావడానికి 25, మన యూజర్లు మెయిల్ పంపడానికి 465 లేదా 587, చదువుకోవడానికి 993. తల పట్టుకోవాల్సింది ఆ తర్వాత. ఆ పోర్టులు ఏ మెషిన్ మీద తెరవాలి? ఆ మెషిన్ ఏ నెట్‌వర్క్‌లో ఉండాలి? మనం పంపే మెయిల్ ఏ ఐపీ నుంచి బయటికి వెళ్లాలి?

చాలా గైడ్లు ఈ ప్రశ్నలన్నిటికీ ఒకే జవాబు ఇస్తాయి, అక్కడే ఇబ్బంది మొదలవుతుంది. వచ్చే మెయిల్, వెళ్లే మెయిల్, యూజర్ల లాగిన్ అనేవి మూడు వేర్వేరు పనులు. మూడూ ఒకే దారిలో నడవాలని రూలేమీ లేదు. వచ్చే మెయిల్‌ని నేరుగా తీసుకుని, వెళ్లే మెయిల్‌ని ఇంకొకరి ద్వారా పంపి, లాగిన్‌ని వీపీఎన్ (అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే రహస్య దారి) వెనక దాచుకోవచ్చు. ఎంపికలను ఈ లెక్కన విడదీసి చూస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ముందు ఐపీ సంగతి తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ ఏది, ఫైర్‌వాల్ ఏది అనేవి తర్వాత చూసుకోవచ్చు. మీ కనెక్షన్‌కి అసలు ఏం చేతనవునో ముందు తెలియాలి.

రౌటర్ స్టేటస్ పేజీలో కనిపించే బయటి అడ్రస్ 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే మీరు క్యారియర్ నాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని మీతో పాటు చాలామంది వాడుకుంటున్నారు. మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ని లోపలి మెషిన్‌కి మళ్లించడం) ఎంత పెట్టినా బయటి నుంచి కనెక్షన్ మీదాకా రాదు. ప్రొవైడర్ దగ్గర స్టాటిక్ ఐపీ తీసుకోవాలి, లేదంటే కింద చెప్పబోయే టన్నెల్ దారి పట్టాలి.

రెండోది, 25 పోర్ట్ మీద బయటికి వెళ్లగలుగుతున్నారా? ఏదైనా పెద్ద మెయిల్ సర్వీస్ ఎంఎక్స్ (మెయిల్ అందుకునే సర్వర్) అడ్రస్‌కి మీ నెట్‌వర్క్ నుంచి 25 మీద టెల్నెట్ కమాండ్ కొట్టి చూడండి. 220తో మొదలయ్యే పలకరింపు వస్తే దారి ఉన్నట్టే. అలా వేలాడుతూ ఉండిపోతే ప్రొవైడర్ ఆపేశాడన్నమాట. ఇళ్ల కనెక్షన్లలో ఇది మామూలే. వైరస్ పట్టిన కంప్యూటర్లు స్పామ్ కుమ్మరించకుండా ఉండటానికి అలా ఆపుతారు.

మూడోది పీటీఆర్ రికార్డు, అంటే మీ ఐపీని అడిగితే మీ సర్వర్ పేరు రావాలి, ఆ పేరును అడిగితే మళ్లీ అదే ఐపీ రావాలి. చాలామంది తమ డొమైన్ కంట్రోల్ ప్యానెల్లో దీనికోసం వెతుకుతారు, అక్కడ దొరకదు. ఐపీ ఎవరిదో వాళ్లే పెట్టాలి. నాలుగోది, ఆ ఐపీ బ్లాక్‌లిస్టులు నడిపే స్పామ్‌హాస్ వాళ్ల పీబీఎల్ లిస్టులో ఉందేమో చూడండి. ఆ లిస్టులో ఉండటం నేరం కాదు. "ఈ రేంజ్ నుంచి నేరుగా మెయిల్ రాకూడదు" అని చాలాసార్లు ప్రొవైడరే రాసిచ్చి ఉంటాడు. అయినా ఆ ఐపీ నుంచి పంపిన మెయిల్‌ని చాలామంది తీసుకోరు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పైవాటిలో రెండు, మూడు, నాలుగు అడ్డొచ్చేది మెయిల్ పంపడానికే. రావడానికి కాదు. బయటి నుంచి 25 మీదాకా వస్తే చాలు, పీటీఆర్ లేకపోయినా ఎవరి మెయిల్ అయినా వచ్చి పడుతుంది. "మా కనెక్షన్‌లో పీటీఆర్ పెట్టరు, కాబట్టి సొంత సర్వర్ కుదరదు" అని వదిలేసేవాళ్లు అనవసరంగా వదిలేసుకుంటున్నారు.

నేరుగా పోర్ట్ ఫార్వర్డింగ్

అన్నిటికన్నా తేలికైన దారి ఇది. లోపలి నెట్‌వర్క్‌లో ఒక మెషిన్, దానిమీద పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (మెయిల్‌బాక్సులు చదివించే ప్రోగ్రామ్) లాంటివి, ఫైర్‌వాల్‌లో మూడు పోర్టులకు ఫార్వర్డింగ్ రూల్స్. స్టాటిక్ ఐపీ ఉండి, ఇద్దరు ముగ్గురు యూజర్లకైతే సాయంత్రానికల్లా నడుస్తుంది.

దీనిలో మొదటి లోటు అందరికీ తెలిసిందే. ఇంటర్నెట్‌కి ముఖం చూపిస్తున్న మెషిన్ మీ మిగతా కంప్యూటర్లతో ఒకే నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది. 25 పోర్ట్ మీద వినే ప్రోగ్రామ్‌లోనే లోపం బయటపడితే ఏమవుతుందో 2019లో ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ చూపించింది. దాని 4.87 నుంచి 4.91 వరకు వెర్షన్లలో, రిసీపియెంట్ అడ్రస్‌ని ఒక పద్ధతిలో రాసి పంపితే ఆ సర్వర్ మీద కమాండ్ నడిపే వీలుండేది. అలాంటి రోజున మెషిన్ ఒక్కటీ పోతే ఒకెత్తు, దాని పక్కనే ఫైల్ సర్వర్ ఉంటే ఇంకో ఎత్తు.

రెండో లోటు గురించి తక్కువమంది మాట్లాడతారు. నా దృష్టిలో ప్రమాదం ఎక్కువ దానితోనే. మెయిల్ లాగ్ తెరిచి, కనెక్ట్ అయిన ప్రతి సర్వర్ అడ్రస్ చూడండి. అన్నీ 192.168.1.1 అని, అంటే మీ ఫైర్‌వాల్ లోపలి అడ్రస్ నుంచే వచ్చినట్టు ఉంటే వెంటనే పోర్ట్ మూసేయండి. ఫార్వర్డ్ చేసేటప్పుడు ఫైర్‌వాల్ గమ్యంతో పాటు వచ్చినవాడి అడ్రస్‌ని కూడా మార్చేస్తోందన్నమాట. లోపలి నుంచి సర్వర్‌ని దాని పబ్లిక్ పేరుతో తెరిస్తే కనెక్ట్ అవ్వడం లేదని ఎవరో మాస్కరేడ్ రూల్‌ని (వచ్చినవాడి అడ్రస్ బదులు ఫైర్‌వాల్ అడ్రస్ పెట్టేదాన్ని) అన్నిటికీ వర్తించేలా పెట్టినప్పుడు ఇలా అవుతుంది.

దాని పర్యవసానం ఏమిటంటే, పోస్ట్‌ఫిక్స్‌లో మైనెట్‌వర్క్స్ అనే సెట్టింగ్ ఉంటుంది. అందులో రాసిన అడ్రస్‌ల నుంచి వచ్చేవాళ్లు పాస్‌వర్డ్ లేకుండా ఎక్కడికైనా మెయిల్ పంపొచ్చు. మామూలుగా అందులో 192.168.1.0/24 అని ఇంటి నెట్‌వర్క్ మొత్తం రాసేస్తారు. ఇప్పుడు ప్రపంచంలో ఎవరు కనెక్ట్ అయినా సర్వర్ కళ్లకు ఇంటివాడే. ఎవరి మెయిల్ అయినా మోసిపెట్టే ఓపెన్ రిలే తయారైనట్టే. స్పామర్లు దాన్ని పసిగట్టడానికి ఎక్కువ టైం పట్టదు, మీ ఐపీ బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కడానికీ పట్టదు. ఒకవేళ రిలే కాకుండా తప్పించుకున్నా, ఎస్‌పీఎఫ్ చెకింగ్ (ఆ డొమైన్ పేరుతో పంపే హక్కు ఆ ఐపీకి ఉందా అని చూసేది) దాదాపు ప్రతి మెయిల్‌నీ ఫెయిల్ చేస్తుంది, బ్లాక్‌లిస్ట్ చెకింగ్ దేన్నీ పట్టుకోదు, పాస్‌వర్డ్ ఊహించేవాళ్లను ఆపే ఫెయిల్2బ్యాన్ ఎవరో పదే పదే తప్పు పాస్‌వర్డ్ కొట్టగానే మీ ఫైర్‌వాల్‌నే బ్యాన్ చేసి మెయిల్ మొత్తం ఆపేస్తుంది.

దీనికి మందు రెండు భాగాలు. మాస్కరేడ్‌ని లోపలి నుంచి లోపలికే వెళ్లే కనెక్షన్లకు పరిమితం చేయండి. ఇంకా మంచిది, లోపలి డీఎన్ఎస్‌లో (పేరుకి అడ్రస్ చెప్పే సేవలో) సర్వర్ పేరుకి లోపలి అడ్రస్‌నే ఇవ్వండి, అప్పుడు ఆ మాస్కరేడ్ అవసరమే రాదు. ఇక మైనెట్‌వర్క్స్‌లో సర్వర్ తనతో తానే మాట్లాడుకునే లూప్‌బ్యాక్ అడ్రస్ తప్ప ఏమీ ఉంచకండి. ఇంట్లోవాళ్లయినా, ఆఫీసువాళ్లయినా పాస్‌వర్డ్‌తోనే పంపనివ్వండి. పాత ప్రింటర్ ఒకటి పాస్‌వర్డ్ ఇవ్వలేదు అనుకుంటే దాని ఒక్క అడ్రస్ రాయండి, నెట్‌వర్క్ మొత్తం కాదు.

డీఎంజెడ్: ఒక మెషినా, రెండా

ఫైర్‌వాల్‌కి మూడో కాలు (అంటే మూడో నెట్‌వర్క్ కనెక్షన్) ఉంటే, లేదా స్విచ్‌లో వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడి నెట్‌వర్క్) చేసుకునే వీలుంటే, సర్వర్‌ని విడిగా డీఎంజెడ్‌లో (బయటికీ లోపలికీ మధ్య ఉండే నెట్‌వర్క్‌లో) పెట్టడం పోర్ట్ ఫార్వర్డింగ్ కన్నా ఎప్పుడైనా మేలే. అదనపు శ్రమ ఒక్క పూటది. రూల్స్ మూడే: ఇంటర్నెట్ నుంచి డీఎంజెడ్‌కి కావాల్సిన పోర్టులు మాత్రమే, లోపలి నుంచి డీఎంజెడ్‌కి అవసరమైనవి, డీఎంజెడ్ నుంచి లోపలికి ఏమీ లేదు. ఆ మూడో రూల్ కోసమే ఇదంతా. "బ్యాకప్ కోసం ఒక్క పోర్ట్ తెరుద్దాం" అని దాన్ని సడలించేవాళ్లు ఉంటారు. బ్యాకప్‌ని లోపలి మెషినే వచ్చి తీసుకెళ్లేలా పెట్టుకోండి.

డీఎంజెడ్ నుంచి బయటికి వెళ్లే దారులు కూడా రాసుకోవాలి. 25, డీఎన్ఎస్‌కి 53 యూడీపీ, టీసీపీ రెండూ, అప్‌డేట్ల కోసం 80, 443, టైం కోసం 123. డీఎన్ఎస్‌లో టీసీపీని మర్చిపోతే పెద్ద టెక్స్ట్ రికార్డులు ఉన్న డొమైన్ల దగ్గర మాత్రమే డీకిమ్ (మెయిల్ మీది డిజిటల్ సంతకం), ఎస్‌పీఎఫ్ చెకింగ్ తడబడుతుంది. ఎందుకో అంతుపట్టక తిప్పలు పడతారు.

పాత పుస్తకాలు చెప్పే ఇంకో రూపం ఉంది. డీఎంజెడ్‌లో మెయిల్‌ని ముందుకు చేరవేసే ఖాళీ రిలే ఒకటి, మెయిల్‌బాక్సులున్న అసలు సర్వర్ లోపల. రిలే స్పామ్ వడగట్టి లోపలికి 25 మీదో ఎల్‌ఎంటీపీ (లోపలి సర్వర్ల మధ్య మెయిల్ అందించే పద్ధతి) మీదో అందిస్తుంది. లోపల మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ లాంటి పెద్ద సర్వర్ ఇప్పటికే ఉన్న సంస్థలకు ఇది సరైనదే. దీనిలో తప్పనిసరిగా చేయాల్సిన పని ఒకటుంది. మీ డొమైన్‌లో ఏ అడ్రస్‌లు నిజంగా ఉన్నాయో ఆ లిస్టు రిలేకి తెలియాలి. తెలియకపోతే అది లేని అడ్రస్‌లకు వచ్చిన మెయిల్ కూడా తీసేసుకుంటుంది, లోపలి సర్వర్ కాదంటుంది, అప్పుడు రిలే "డెలివరీ కాలేదు" అని పంపినవాడికి తిరిగి రాస్తుంది. స్పామ్‌లో పంపినవాడి అడ్రస్ దొంగది కాబట్టి ఆ జవాబులన్నీ సంబంధం లేనివాళ్ల మీద పడతాయి. దాంతో మీ రిలేనే స్పామర్ అనిపించుకుంటుంది. కాదనాల్సిన మెయిల్‌ని గుమ్మంలోనే, కనెక్షన్ తెగకముందే కాదనాలి.

ఇంకో మాట. రిలే కాపాడేది 25 పోర్ట్‌ని మాత్రమే. 2021 మార్చిలో ఎక్స్ఛేంజ్ సర్వర్ల మీద పెద్ద ఎత్తున దాడులు జరిగినప్పుడు దారి 443, అంటే వెబ్‌మెయిల్ వైపు నుంచి దొరికింది. ముందు ఎంత గట్టి రిలే పెట్టినా, వెబ్‌మెయిల్‌ని నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచితే ఆ రిలే వల్ల ఒరిగేదేమీ లేదు.

కొద్దిమంది యూజర్లతో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నా ఓటు ఒకే మెషిన్‌కి, మొత్తం డీఎంజెడ్‌లో. రెండు మెషిన్లంటే అప్‌డేట్లు రెండు, లాగ్‌లు రెండు, అడ్రస్ లిస్టును ఎప్పటికప్పుడు సరిచూసుకునే పని ఒకటి.

బయట చిన్న వీపీఎస్, లోపలికి టన్నెల్

క్యారియర్ నాట్ వెనక ఉన్నవాళ్లకు, ఆఫీస్ ఫైర్‌వాల్ మీద అధికారం లేనివాళ్లకు ఇదే దారి. బయట ఒక వీపీఎస్ (అద్దెకు దొరికే వర్చువల్ సర్వర్) తీసుకుంటారు, దానికి స్టాటిక్ ఐపీ, పీటీఆర్ ఉంటాయి. లోపలి సర్వర్ దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్‌తో టన్నెల్ తెరుస్తుంది. కనెక్షన్ లోపలి నుంచి బయటికి మొదలవుతుంది కాబట్టి మీ ఫైర్‌వాల్‌లో లోపలికి ఒక్క పోర్ట్ కూడా తెరవనక్కర్లేదు. నాట్ ఎంట్రీ చెరిగిపోకుండా కీప్అలైవ్ (కనెక్షన్‌ని బతికించే చిన్న కబురు) 25 సెకన్లకు పెడితే చాలు. ఆఫీస్ నెట్‌వర్క్ అయితే మాత్రం అడిగి పెట్టండి. అడగకుండా టన్నెల్ తవ్వితే ఉద్యోగం మీదికి రావచ్చు.

వీపీఎస్ కొనేముందు ఒకటి కనుక్కోండి. ఏడబ్ల్యూఎస్, గూగుల్ క్లౌడ్ లాంటి పెద్దవాళ్లు బయటికి వెళ్లే 25ని మొదట్నుంచే ఆపి ఉంచుతారు. చిన్న ప్రొవైడర్లలో కూడా కొందరు అడిగితేనే తెరుస్తారు.

టన్నెల్ దారిలో రెండు పద్ధతులు. వీపీఎస్ మీద పోస్ట్‌ఫిక్స్ పెట్టి, అది మెయిల్ తీసుకుని లోపలికి అందించడం మొదటిది. మీ కనెక్షన్ పడిపోయినా మెయిల్ దాని క్యూలో ఆగి ఉంటుంది. కానీ టీఎల్ఎస్ (దారిలో మెయిల్‌ని కాపాడే ఎన్‌క్రిప్షన్) అక్కడే విడిపోతుంది కాబట్టి మెయిల్ వీపీఎస్ మీద మామూలు అక్షరాల్లో కాసేపు ఉంటుంది. రెండోది, వీపీఎస్ కనెక్షన్‌ని ఉన్నది ఉన్నట్టు లోపలికి తోసేయడం. సర్టిఫికెట్ ఇంట్లో ఉంటుంది, టీఎల్ఎస్ ఇంట్లోనే విడిపోతుంది. సొంత సర్వర్ పెట్టుకునేది గోప్యత కోసమైతే రెండోదే అర్థవంతం. అయితే ఇక్కడా వచ్చినవాడి అసలు అడ్రస్ పోతే ముందు చెప్పిన ఓపెన్ రిలే కథ మళ్లీ మొదలవుతుంది. హెచ్‌ఏప్రాక్సీ అనే ప్రోగ్రామ్‌ని ఉపయోగించి, ప్రాక్సీ ప్రోటోకాల్‌తో అసలు అడ్రస్ అందించండి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ దాన్ని అర్థం చేసుకుంటాయి.

ఈ దారిలో వచ్చే విచిత్రమైన సమస్య ఒకటి చెప్పాలి. టెస్ట్ మెయిల్స్ అన్నీ వస్తాయి, చిన్న మెయిల్స్ అన్నీ వస్తాయి. అటాచ్‌మెంట్ ఉన్నవి మాత్రం రావు. లాగ్‌లో చూస్తే డేటా కమాండ్ దాకా బాగానే నడిచి, ఆ తర్వాత టైమ్‌అవుట్ అని ఉంటుంది. స్పామ్ ఫిల్టర్‌ని, సైజ్ లిమిట్‌ని తిడుతూ కూర్చుంటారు. మామూలు ఈథర్నెట్ ప్యాకెట్ 1500 బైట్లు, వైర్‌గార్డ్ టన్నెల్లో పట్టేది సాధారణంగా 1420. పెద్ద ప్యాకెట్ వచ్చినప్పుడు "ఇది పట్టదు, చిన్నది పంపు" అని చెప్పే ఐసీఎంపీ కబురును దారిలో ఏదో ఫైర్‌వాల్ "పింగ్‌లు ప్రమాదం" అని మొత్తంగా ఆపేస్తుంది. పంపేవాడికి కబురు అందదు, అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతాడు. టన్నెల్ మీద టీసీపీ ఎంఎస్ఎస్‌ని (ఒక ప్యాకెట్‌లో పట్టే డేటా పరిమితిని) 1380కి బిగిస్తే తీరిపోతుంది. మీ ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీని గుడ్డిగా మూయకండి.

వెళ్లే మెయిల్‌ని ఇంకొకరికి అప్పగించడం

సొంత మెయిల్ సర్వర్లో తలనొప్పి ఎక్కువగా ఎక్కడుందంటే పంపడంలో. పీటీఆర్, ఐపీ పేరు ప్రతిష్ఠలు, బ్లాక్‌లిస్టులు అన్నీ అక్కడివే. స్మార్ట్‌హోస్ట్ అంటే మీ సర్వర్ ప్రతి మెయిల్‌నీ ఒక రిలే సర్వీసుకి 587 లేదా 465 మీద పాస్‌వర్డ్‌తో అందిస్తుంది, అవతలివాళ్లకు చేర్చే పని వాళ్లది. ప్రొవైడర్ 25ని ఆపినా ఇది నడుస్తుంది. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ ఒక లైను, పాస్‌వర్డ్ ఫైలు ఒకటి, అంతే. ఎస్‌పీఎఫ్ రికార్డులో ఆ సర్వీసును చేర్చాలి. డీకిమ్ సంతకం మాత్రం మీ కీతో మీ సర్వర్లోనే పెట్టుకోండి, రేపు సర్వీస్ మార్చినా ఇబ్బంది ఉండదు.

"సొంతంగా పంపకపోతే సొంత సర్వర్ ఏముంది?" అనేవాళ్లున్నారు. మెయిల్‌బాక్సులు మీ డిస్క్ మీద ఉన్నాయి, అడ్రస్‌లు మీ చేతిలో ఉన్నాయి. ఎటూ అవతలివాళ్లలో ఎక్కువమంది పెద్ద సర్వీసుల్లోనే ఉంటారు కాబట్టి వెళ్లే మెయిల్ ఇంకొకరి కంట పడకుండా ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ నిబంధనలు బిగించాయి. జీమెయిల్ విషయానికొస్తే పంపే ప్రతివాళ్లకూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్, సరైన పీటీఆర్, టీఎల్ఎస్ ఉండాలి. తమ యూజర్లకు రోజుకు 5,000కు పైగా పంపేవాళ్లకు డీమార్క్‌తో (ఎస్‌పీఎఫ్, డీకిమ్ తప్పితే ఏం చేయాలో చెప్పే రికార్డుతో) సహా అన్నీ కావాలి. కొత్త ఐపీతో వాళ్ల నమ్మకం సంపాదించడం ఓపిక పని. స్టాటిక్ ఐపీ, పీటీఆర్ ఉన్నవాళ్లు నేరుగా పంపి చూడండి. మెయిల్స్ స్పామ్ ఫోల్డర్లో పడుతుంటే మొహమాటం లేకుండా స్మార్ట్‌హోస్ట్‌కి మారండి. మిగతా ఏ సెట్టింగూ కదలదు. అయితే రిలే సర్వీసులకు రోజువారీ పరిమితులుంటాయి, న్యూస్‌లెటర్లు పంపే ఆలోచన ఉంటే ముందే చూసుకోండి.

లాగిన్ పోర్టులు బయట తెరవాలా

యూజర్లందరి ఫోన్లూ, ల్యాప్‌టాప్‌లూ మీరే చూసుకునేవైతే తెరవకండి. వీపీఎన్ పెట్టి 465, 993 లోపలే ఉంచండి. పాస్‌వర్డ్ ఊహించే బాట్ల గోల మాయమవుతుంది, లాగ్‌లు చదవగలిగేలా ఉంటాయి. వీపీఎన్ అంటే చిరాకుపడే యూజర్లు ఉంటే తెరవక తప్పదు. అప్పుడు కూడా మెయిల్ చదవడానికి వాడే 143, 110 పాత పోర్టులు వద్దు, 25 మీద లాగిన్ అసలే వద్దు.

తెరిచాక "ఫోన్లో మెయిల్ ఆలస్యంగా వస్తోంది" అని ఫిర్యాదు వస్తే సర్వర్ కన్నా ముందు ఫైర్‌వాల్ చూడండి. కొత్త మెయిల్ కోసం ఫోన్ ఒక కనెక్షన్‌ని చాలాసేపు తెరిచి మౌనంగా ఉంచుతుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్లను ఫైర్‌వాల్ కొన్ని నిమిషాలకే మర్చిపోతే, రెండు వైపులకూ ఆ సంగతి తెలియదు.

ఫైర్‌వాల్ అతి తెలివి

కొన్ని ఫైర్‌వాల్స్‌లో ఎస్‌ఎంటీపీ (సర్వర్లు మెయిల్ పంపుకునే భాష) ఇన్‌స్పెక్షన్ అనే సదుపాయం ఉంటుంది. సిస్కో కంపెనీ పాత పిక్స్ ఫైర్‌వాల్స్, ఆ తర్వాతి ఏఎస్ఏలు దీనికి ప్రసిద్ధి. సర్వర్ పలకరింపు 220 తర్వాత వరసగా నక్షత్రాల గుర్తులుగా మారిపోయి కనిపిస్తే అదే పని చేస్తోందని అర్థం. ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టే స్టార్ట్‌టీఎల్ఎస్ అనే మాటని కూడా అది ఎక్స్ అక్షరాలతో చెరిపేయగలదు. అప్పుడు అవతలి సర్వర్ "వీళ్లకు ఎన్‌క్రిప్షన్ రాదు" అనుకుని మెయిల్‌ని బట్టబయలుగా పంపుతుంది. భద్రత కోసం పెట్టిన పెట్టె ఎన్‌క్రిప్షన్‌నే ఊడగొట్టడం అంటే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పోస్ట్‌ఫిక్స్‌లో పిక్స్ కోసమే ప్రత్యేకంగా సర్దుబాటు సెట్టింగులు ఉన్నాయంటే ఇది ఎంతమందిని ఏడిపించిందో ఊహించుకోవచ్చు. మీ ఫైర్‌వాల్‌లో ఉంటే ఆపేయండి. ఏ దారి ఎంచుకున్నా సరే.

బ్యాకప్ ఎంఎక్స్ (మన సర్వర్ దొరకనప్పుడు మెయిల్ తీసుకునే రెండో సర్వర్) గురించి అడిగేవాళ్లకు: వద్దు. మీ సర్వర్ దొరక్కపోతే పంపేవాళ్లు వెంటనే వదిలేయరు. ప్రమాణం ప్రకారం కనీసం నాలుగైదు రోజులు ప్రయత్నించాలి, పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఐదు రోజులు ప్రయత్నిస్తుంది. కాపలా తక్కువ ఉంటుందని స్పామర్లు ఏరికోరి బ్యాకప్ సర్వర్‌కే వస్తారు.

మెయిల్‌బాక్సుల్లో ఉన్నది ఆగితే పని ఆగిపోయే సమాచారమై, దాన్ని చూసుకోవడానికి మీరు తప్ప ఎవరూ లేకపోతే, పైవేవీ కాకుండా మీ డొమైన్‌ని ఏదైనా హోస్టింగ్ సర్వీసులో పెట్టుకోండి. మీరు ఊళ్లో లేనప్పుడు సర్టిఫికెట్ గడువు తీరితే ఎవరు చూస్తారన్నది అసలు ప్రశ్న.

ఏది పెట్టినా పరీక్ష బయటి నుంచి చేయండి. లోపలి నుంచి చేసే పరీక్షకు ఫైర్‌వాల్ అడ్డే రాదు కాబట్టి అన్నీ పాసవుతాయి. లాగిన్ పోర్టుల్ని మొబైల్ డేటా మీద చూడండి. 25ని చూడటానికి వేరే సర్వీసులోని అకౌంట్ నుంచి పెద్ద అటాచ్‌మెంట్‌తో ఒక మెయిల్ పంపి, వచ్చాక లాగ్‌లో కనెక్ట్ అయిన ఐపీ ఆ సర్వీసుదేనా, లేక మీ ఫైర్‌వాల్‌దా చూడండి. తర్వాత బయటి మెషిన్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా, మీది కాని డొమైన్ అడ్రస్‌కి మెయిల్ పంపడానికి ప్రయత్నించండి. "రిలే యాక్సెస్ డినైడ్" అని 554 లేదా 454 రావాలి.